దుప్పటి మేడమ్

పదింటికి రావలసిన ఆయా పదీ పదైనా రాలేదు. రాకపోతేనే నయం అనుకుంది ఆమె, ప్లాస్టిక్ కుర్చీలో నడుం సర్దుకుంటూ. ఆయా వస్తే పని మొదలవుతుంది, మొదలైతే పంతొమ్మిదో ప్రశ్న దాకా వెళ్లక తప్పదు, ఇవాళ అక్కడికి వెళ్లాలంటేనే కాళ్లు రావడం లేదు. ఒళ్లో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పు కింద నలభై రెండు ప్రశ్నల ఫారం. ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే కంపెనీలు సరిగ్గా చూసుకుంటున్నాయా, వాళ్ల చేతుల్లో రోగికి ముప్పేమీ లేదు కదా అని తనిఖీ చేసి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని. ఎదురుగా ఇనప మంచం మీద లిఫ్టు మెకానిక్కు, యాభై రెండేళ్ల మనిషి. పదహారు నెలల కిందట పక్షవాతం వచ్చి ఒంట్లో కుడి సగం పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటి, అది దుప్పటి అంచు మీద ఉంది. గది శుభ్రంగానే ఉంది, ఉండకేం, రేపు వస్తున్నామని నిన్న కబురు పెట్టి మరీ వచ్చారాయె. ఫినాయిలు వేసి తుడిచారు, దాని మీద మల్లెపూల వాసన వచ్చే సీసా ఏదో కొట్టారు, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వాటి కింద మూడోది ఒకటి ఉంది, అది ఎవరినీ తోయడం లేదు, ఊరికే ఉంది. అదేమిటో ఆమెకు తెలుసు, తెలుసని ఒప్పుకోవడానికే మనసు రావడం లేదు. కాలవ కంపేమో, కిటికీ తెరిచే ఉంది కదా. అప్పుడు కూడా కాలవ కంపే అనుకున్నాను. వద్దు, ఇప్పుడది వద్దు.

కంపెనీ సూపర్‌వైజరు కిటికీ దగ్గర నిలబడి ఫోను చెవికి ఆనించుకొని ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు, ఎప్పుడూ సిద్ధంగా ఉండే నవ్వు. మనిషి చెడ్డవాడేం కాదు, ఎండలో మూడంతస్తులు ఎక్కివస్తుంటే ఆమె సంచీ తనే అందుకున్నాడు.

“బస్సు దొరకలేదట మేడమ్. దార్లోనే ఉంది పాపం, వచ్చేస్తుంది.”

“రోజుకి ఎన్నిళ్లు చూస్తుంది?”

“అయిదే మేడమ్.”

అయిదేనట. ఒక్కో ఇంట్లో నలభై నిమిషాలు, మిగతా రోజంతా బస్సుల్లో. ఈ ఇంటి ఇల్లాలు పొద్దున్న ఎనిమిదింటికి కుట్టుపని ఫ్యాక్టరీకి వెళ్తే సాయంత్రం ఆరింటికి గానీ రాదు. మరి ఎనిమిది నుంచి పది దాకా ఎవరు, పదీ నలభై నుంచి ఆరు దాకా ఎవరు? ఎవరూ లేరు. మంచినీళ్ల గ్లాసుకు గొట్టం పెట్టి ఎడమ చేతికి అందేలా ఉంచి వెళ్తుంది, తలుపుకు బయట తాళం, ఇంకో తాళంచెవి ఆయా కోసం కంపెనీ దగ్గర. గోడకు పట్టిక వేలాడుతోంది, రోగిని రెండు గంటలకోసారి తిప్పినట్టు టిక్కులు పెట్టే పట్టిక, ఎడమకు, వెల్లకిలా, కుడికి, మళ్లీ ఎడమకు. నిన్న మధ్యాహ్నం రెండుకు టిక్కుంది, నాలుగుకూ ఉంది, తాళం వేసిన ఇంట్లోకి వచ్చి తిప్పి వెళ్లిందెవరో మహాతల్లి. ఆమె అటు చూస్తుండగానే సూపర్‌వైజరు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, జేబులోంచి పెన్ను తీసి, పది గంటల గడిలో ఒక టిక్కు పెట్టి, పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయా రానేలేదు, రోగిని ఎవరూ ముట్టుకోలేదు, పక్కన తనిఖీకి వచ్చిన మనిషి కూర్చొనే ఉంది. దొంగచాటుగా చేసి ఉంటే కోపమైనా వచ్చేది. చొక్కా మీద పడిన నలుసు దులుపుకున్నంత మామూలుగా చేశాడు. ఫారంలో పద్నాలుగో ప్రశ్న: తిప్పే పట్టిక గోడకు ఉన్నదా? ఉన్నది. పదిహేను: గడులు నిండి ఉన్నాయా? నిండి ఉన్నాయి. ఆ రెండు ప్రశ్నలూ రాసిన మహానుభావులెవరో గానీ, మూడోది అడగడం మరిచిపోయారు. పంతొమ్మిదో ప్రశ్న మాత్రం ఎవరు రాశారో ఆమెకు బాగా తెలుసు.

పంతొమ్మిది: శరీర పరీక్ష. రోగి మాటతో గానీ సంతకంతో గానీ సమ్మతి ఇస్తే తప్ప తనిఖీ అధికారి దుప్పటి తొలగించరాదు. తల ఊపితే చాలదు, తల ఊపడానికి ఎవరిష్టం వచ్చిన అర్థం వాళ్లు తీస్తారు. వేలిముద్ర చెల్లదు, మాటలేని మనిషి వేలు ఎవరైనా పట్టుకొని అద్దేయగలరు. మాట రాని రోగి అయితే ఇంట్లోవాళ్లు అక్కడ ఉండి రాసి ఇవ్వాలి. అలా ఇవ్వనప్పుడు ‘సమ్మతి లభించలేదు, పరీక్షించలేదు’ అని రాసి ముందుకు వెళ్లాలి, దానికి మార్కు కలపరు, తీయరు. ఇదంతా ఆమె పుణ్యమే. ఒక్కో వాక్యం తనే చెప్పింది, ఒక్కో సందూ తనే మూసింది, అందుకే ఆఫీసులో ఆమెకు దుప్పటి మేడమ్ అని పేరు. వెనకాల అంటారు గానీ ప్రేమగానే అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు లోపల కాస్త గర్వంగానే ఉండేది. రూలు దాటితే ఊరుకునేది కూడా లేదు. మూడేళ్ల కిందట తోటి ఆఫీసరు ఒకాయన సమ్మతి లేకుండా దుప్పటి తీశాడని కంపెనీ ఫిర్యాదు చేస్తే, రిపోర్టు రిపోర్టంతా చెల్లకుండా పోయింది, కంపెనీ చేతులు దులుపుకుంది, ఆయన్ని ఎక్కడో గోడౌన్ లెక్కల సీటుకు పంపారు. అప్పుడు ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది కూడా ఈవిడే.

ఎందుకంత పట్టుదల అంటే, అమ్మ. తుంటి ఎముక విరిగి అమ్మ మంచాన పడింది, ఈమె అప్పటికి ఇదే ఆఫీసులో గుమాస్తా. చూసుకోవడానికి కంపెనీ నుంచి ఒక ఆయా వచ్చేది. ఒకరోజు తనిఖీకని అప్పటి పెద్దాఫీసరు వచ్చాడు, పని నేర్చుకునే కుర్రాళ్లు ఇద్దరు వెంట. గుమ్మంలోంచి నేరుగా మంచం దగ్గరికి వెళ్లి, ఒక్క మాటైనా అడక్కుండా దుప్పటి పట్టుకొని కాళ్ల దాకా లాగేశాడు. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి అమ్మ, చీర కుచ్చిళ్లు ఇంత చెదిరితే గదిలోకి వెళ్లి సర్దుకొని వచ్చే మనిషి. అరవలేదు, తిట్టలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ పూట అన్నం తినలేదు. రూలు రాయడానికి కమిటీ వేసినప్పుడు ఈమె లేచి నిలబడి ఇది చెప్పింది, గొంతు వణుకుతుంటే వణకనిచ్చింది. పెద్దాఫీసరే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రూలు అందరూ ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ, అమ్మా నీకు జరిగింది ఇంకెవరికీ జరగదు అనుకుంది. చెప్పినంత వరకూ అంతా నిజమే. చెప్పినంత వరకూ.

పదీ ఇరవై అయిదు. మెకానిక్కు ఆమెనే చూస్తున్నాడు. కళ్లు చురుకైనవి, యంత్రం ఎక్కడ రాసుకుంటోందో విని పట్టుకునే మనుషుల కళ్లు. అలమరలో స్పానర్లు వరసగా, చిన్నవి ముందు, పెద్దవి వెనక, భార్య తుడిచి నూనె రాసి పెడుతున్నట్టుంది, ఒక్కదానికీ తుప్పు లేదు. మనిషికి కూడా గడ్డం గీసి ఉంది, గోళ్లు కత్తిరించి ఉన్నాయి, కంటికి కనిపించేదంతా ఆ ఇల్లాలు నిద్ర మానుకొని చేసిందే. ఆమె అలవాటు కొద్దీ కిందికి చూసింది, కొత్తగా చేరినవాళ్లకు తను చెప్పే పాఠమే, పైన చూడొద్దురా, పైనంతా మనకోసం కడిగి పెడతారు, అడుగున చూడండి. మంచం గోడకు ఆనించి ఉంది, చక్రాలున్న మంచం, చక్రాలకు దుమ్ము, జుట్టు ఉండలు కట్టుకొని ఉన్నాయి. తుడిచినవాళ్లు చక్రాల ముందు దాకా తుడిచి ఆగిపోయారు. అంటే ఈ మంచం కొన్ని నెలలుగా జరగలేదు. జరగకపోతే ఒకవైపు నుంచే పట్టుకోవాలి, ఒక్క ఆడమనిషి, ఇంత మనిషిని, నలభై నిమిషాల్లో. తిప్పడం లేదు. వీలుంటే కదా తిప్పడానికి. వెల్లకిలా, వెల్లకిలా, వెల్లకిలా. మరి వీపు? నడుం కింద? ఆ మూడో వాసన మళ్లీ వచ్చింది, ఈసారి మల్లెపూలు దానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాయి.

“ఈ ఇల్లే ఎందుకు ఎంచుకున్నారు?” అని అడిగింది, మామూలుగా, ఫారం మీద నుంచి తల ఎత్తకుండా.

“మంచి ఫ్యామిలీ మేడమ్. ఏ కంప్లైంటూ ఉండదు.”

కంప్లైంటు ఎక్కడినుంచి వస్తుంది నాయనా, నోరు లేకపోతే? ఏ ఇల్లు చూపించాలో కంపెనీయే చెబుతుంది, అది పద్ధతి. కిందటిసారి ఎవరింటికి తీసుకెళ్లాడు? గొంతులో గొట్టం వేసిన రిటైర్డు పోస్ట్‌మాస్టరు. అంతకుముందు, ఏది అడిగినా ఒకే కూనిరాగం తీసే ముసలావిడ. అంతకుముందు మాటలన్నీ మరిచిపోయిన దర్జీ. ఆమె అట్ట కింద వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడేళ్లలో ఈ కంపెనీ చూపించినవి పదకొండు ఇళ్లు, మాట్లాడగలిగినవాళ్లు ఇద్దరు. తొమ్మిది మంది దగ్గర పంతొమ్మిదో గడిలో తన చేత్తోనే, తన గుండ్రటి అక్షరాలతోనే, ‘సమ్మతి లభించలేదు, పరీక్షించలేదు’. ప్రతిసారీ తొంభైకి పైనే మార్కులు.

“మీ రూలు చాలా మంచి రూలు మేడమ్,” అన్నాడు సూపర్‌వైజరు, ఏదో మాట కలపాలని. “మా ట్రైనింగ్‌లో మొదటి పాఠం అదే. పేషెంటు పరువు.”

ఆ పోస్ట్‌మాస్టరు పోయాడని మొన్న ఎవరో అన్నారు. వయసైపోయింది లెండి అన్నారు. తనూ అవును అంది. ఆయన దుప్పటి నీలం గళ్లది. పక్కన నిలబడి వాతావరణం గురించి మాట్లాడి వచ్చింది. దాని కింద ఏముందో దేవుడికి తెలుసు, ఆయాకు తెలుసు, తనకు తెలియకుండా తనే రూలు రాసుకుంది. తెలియకుండా. ఆ మాట దగ్గర మనసు ఆగిపోయింది. పదకొండేళ్లుగా పక్కనుంచి తిరిగి వెళ్తున్న తలుపు అది, ఇవాళ వాసన వచ్చి తోసేసింది. ముఖం గోడకు తిప్పుకున్న అమ్మ ఆ రాత్రి ఏమంది? ఇంకెవ్వరూ నా దుప్పటి ముట్టుకోవద్దే అంది. నువ్వు కూడా వద్దు చిన్నీ, ఒట్టెయ్యి అంది. వేసింది. ముఖం తుడవనిచ్చేది, కాళ్లూ చేతులూ తుడవనిచ్చేది, అంతే. ఆయా రెండుసార్లు వంటింట్లోకి వచ్చి అమ్మా ఒకసారి చూస్తేనే మంచిది అంటే, మా అమ్మ వద్దంటే వద్దు అని కసిరింది. గదిలో వాసన వస్తే కాలవ కంపు అని కిటికీ మూసింది, తర్వాత ఊదొత్తులు వెలిగించింది. ముప్పై ఎనిమిది రోజులు. అమ్మకు జ్వరం వచ్చింది, జ్వరం మాత్ర వేసింది. అమ్మ పోయాక ఒళ్లు తుడవడానికి వచ్చిన నర్సు పక్కకు తిప్పి, తిప్పిన చెయ్యి అలాగే ఉంచి, ఇంట్లో ఎవరూ చూసుకోలేదా అమ్మా అని అడిగింది. నడుం కింద పుండు, పిడికిలి పట్టేంత గుంట, అడుగున తెల్లగా ఎముక. కంపెనీ ఆయా చూసుకునేది అంది ఈమె. అంది కాదు, ఆయా మీదికి నెట్టేసింది. ఆ ఆయా ఉద్యోగం ఊడింది. ఇది కమిటీలో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. దుప్పటి లాగినవాడు అమ్మ పరువు తీశాడు, నిజమే, అంతవరకే నిజం. అమ్మను చంపింది దుప్పటి లాగినవాడు కాదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆయాసం. ఆయా వచ్చింది, నలభై దాటిన మనిషి, చెంగుతో మెడ తుడుచుకుంటూ, గుమ్మంలోనే ఆగిపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పదీ నలభై అయిదు.

“సారీ మేడమ్, రెండు బస్సులు ఆపకుండా పోయాయి.”

“ఫర్వాలేదులే. ఈయన నడుం కింద ఎప్పుడు చూశావమ్మా?”

ఆయా సూపర్‌వైజరు వైపు చూసింది. ఆయన ఫోను వైపు చూసుకున్నాడు.

“ఆయన్ని చూడకు. నాకు చెప్పు.”

“అన్న చూడనివ్వరు మేడమ్. ఆ చేత్తో పట్టేసుకుంటారు, ఎంత బలమనుకున్నారు! వదినకి కూడా చూపించరు. వాసనొస్తోందని పై వాళ్లకి వారం నుంచి చెబుతున్నా, రాసుకున్నాం అన్నారు. మూడ్రోజులుగా ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుకి ఫోను చేస్తే జ్వరం మాత్ర వెయ్యమన్నాడు.”

జ్వరం మాత్ర. ఆమె లేచి మెకానిక్కు నుదుటి మీద చెయ్యి పెట్టింది, పెనం మీద పెట్టినట్టే ఉంది. భార్యకు ఫోను చేద్దామంటే ఫ్యాక్టరీలో ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తారట, ఆరింటికి గానీ ఇవ్వరట. ఆరింటి దాకా ఆగాలి, లేదా గడిలో ఆ నాలుగు ముక్కలూ రాసి మెట్లు దిగాలి. లేదా చూడాలి. చూస్తే రిపోర్టు చెల్లదు, కంపెనీకి ఈసారి కూడా ఏమీ కాదు, ఆమెకు గోడౌన్ సీటు. చూడకుండా ఆంబులెన్సుకు ఏమని చెబుతుంది, జ్వరమంటే మాత్ర వెయ్యమంటారు, కాలవ కంపు వస్తోందనా?

“మీరు బయటికెళ్లండి,” అంది సూపర్‌వైజరుతో.

ఆయన నవ్వు మొదటిసారి చెదిరింది. “మేడమ్, పంతొమ్మిదో ప్రశ్న... ఆ రూలు మీరే కదా రాసింది. నేను పైకి చెప్పాల్సొస్తుంది.”

“చెప్పండి. ముందు బయటికెళ్లండి.”

ఆయన వెళ్లాడు, తలుపు మూసింది. గదిలో ముగ్గురే. ఇద్దరు కుర్రాళ్లను వెంటేసుకొని రాలేదు అమ్మా నేను, అనుకుంది, అదేదో పెద్ద తేడా అయినట్టు. మంచం పక్కన వంగి, “మెకానిక్ గారూ, మీ వీపు ఒకసారి చూడాలండీ. చూడనా?” అంది. ఎడమ చెయ్యి కదిలింది. దుప్పటి అంచు పిడికిట్లోకి వెళ్లింది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. వద్దు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు, ఏ మాట కావాలి, ఏ సంతకం కావాలి? ఆయన కళ్లు ఆమె ముఖం మీది నుంచి జారి, మెడ మెల్లగా తిరిగి, ముఖం గోడవైపు వెళ్లింది. ఆ మెడ వెనక భాగం ఆమె చూసినదే. ముప్పై ఎనిమిది రోజులు చూసినదే. అమ్మ అలా తిప్పుకున్నప్పుడల్లా వెనక్కి అడుగేసి తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేది.

“మంచం లాగమ్మా,” అంది ఆయాతో. ఇద్దరూ కలిసి లాగారు. చక్రాలు తిరగలేదు, కీచుమంటూ నేలను గీరుకుంటూ వచ్చాయి, మెకానిక్కు కనుబొమ్మలు ఆ చప్పుడికి ముడిపడ్డాయి. గోడకూ మంచానికీ మధ్య మనిషి పట్టేంత సందు అయింది. అందులో నెలల నాటి దుమ్ము, ఒక చెంచా, ఎండిపోయిన మాత్ర. ఆమె ఆ సందులోకి దూరి గోడకు వీపు ఆనించి మోకాళ్ల మీద కూర్చుంది, చీర పాడైతే పాడైంది. ఇప్పుడు ఆయన ముఖం ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

“తమ్ముడూ,” అంది. ఆ పిలుపు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. “మా అమ్మ కూడా వద్దంది. నేను ఒప్పుకున్నాను. పోయాక చూశాను. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నా. నువ్వు నన్ను క్షమించక్కర్లేదు.”

వింటున్నాడు, రెప్పల కింద కనుగుడ్లు కదిలాయి. పిడికిలి మాత్రం వదలలేదు. వదులుతాడని, ఆ మాట విని కరిగి వదులుతాడని ఎక్కడో ఆశపడింది, ఆశపడినందుకు సిగ్గేసింది. చిటికెన వేలు ముందు తీసింది. ఆ తర్వాత ఉంగరం వేలు. బోల్టులు బిగించిన వేళ్లు, ఒక్కోటి తీస్తుంటే మొదటిది మళ్లీ వచ్చి పట్టుకుంటోంది, చివరికి ఆ అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని ఛాతీకి అదుముకొని, “తియ్యమ్మా” అంది. ఆయా అటునుంచి దుప్పటి తీసి, ఆయన భుజం కింద చెయ్యి వేసి పక్కకు ఒత్తిగిల్లేలా ఎత్తింది. ఎత్తి, “అమ్మో” అని, ఏడుపు మింగుతూ, “నాలుగు వేళ్ల వెడల్పుంది మేడమ్. లోపల... తెల్లగా కనబడుతోంది” అంది. మెకానిక్కు మూసిన కళ్లలోంచి నీళ్లు ముక్కు మీదుగా దిండులోకి దిగాయి.

ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకొనే రెండో చేత్తో ఫోను తీసి ఆంబులెన్సుకు చెప్పింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కుర్చీ తెచ్చుకోండి, మనుషులు నలుగురు కావాలి. అట్ట అందుకొని మోకాలి మీద పెట్టుకుంది. పంతొమ్మిదో గడి. ‘సమ్మతి ఇవ్వలేదు. వద్దన్నారు. నేను చూశాను’ అని రాసి, పుండు కొలత రాసి, సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోయాయి. ఖాళీగా ఉన్న అంచులో, పోస్ట్‌మాస్టరుతో మొదలుపెట్టి ఆ తొమ్మిది ఇళ్లూ కూడా రాసింది, ఈ గడిలో నేను రాసింది అబద్ధం కాదు, కానీ అక్కడ నేను ఏమీ చూడలేదు అని. బయట సూపర్‌వైజరు ఎవరితోనో ఫోనులో, అవును సార్, ఆవిడే సార్, రూలు రాసినావిడే అంటున్నాడు. ఆయా పుండు మీద శుభ్రమైన గుడ్డ కప్పి, భయంభయంగా, “నన్ను తీసేస్తారా మేడమ్?” అని అడిగింది. నీ పేరు మీదికి రానివ్వను అంది ఆమె, ఆ మాట ఇంకో ఆయాకు పదకొండేళ్ల కిందట చెప్పి ఉండాల్సింది.

ఆంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కాళ్లు తిమ్మిరెక్కినా ఆ సందులోంచి ఆమె లేవలేదు. ఆయన ముఖం గోడవైపే ఉంది, గోడ ఉండాల్సిన చోట ఆమె ఉంది, ఎప్పుడు కళ్లు తెరిచినా తనే కనబడాలి. ఆయన తెరవలేదు.